పేలకుండా మిగిలింది ఎటు పోతోంది?

పేలుడు పదార్థాల కర్మాగారం అనగానే మనకు గుర్తొచ్చేది ప్రమాదం. కానీ అక్కడి మురికినీళ్లు, మడ్డి, పనికిరాని సరుకు చప్పుడు చేయకుండా గాల్లో, బోరు నీళ్లలో కలుస్తాయి. వీటిని ఆరుబయట తగలబెట్టడానికి అమెరికా 1980లో ఇచ్చిన ‘తాత్కాలిక’ వెసులుబాటుపై ఇప్పుడు పునరాలోచన మొదలైంది. ఆ చర్చలో మనం తెలుసుకోవాల్సింది చాలా ఉంది.

2025 ఏప్రిల్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా కాటేపల్లిలోని పేలుడు పదార్థాల కర్మాగారంలో ముగ్గురు కార్మికులు చనిపోయారు. అంతకుముందు 2023 డిసెంబరులో నాగ్‌పుర్ దగ్గరి బజార్‌గావ్‌లో తొమ్మిది మంది బలయ్యారు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఎంతమంది పోయారు, పరిహారం ఎంత, కేసు పెట్టారా అని అడుగుతాం. వారం తిరిగేసరికి మర్చిపోతాం. మనం అడగని ప్రశ్న ఒకటుంది. ఏ ప్రమాదమూ జరగని మామూలు రోజుల్లో ఆ కర్మాగారం నుంచి బయటికొచ్చే వ్యర్థాలు ఏమవుతున్నాయి?

ఈ పరిశ్రమ వద్దని అనలేం. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు తీయాలన్నా, క్వారీలో రాయి పగలాలన్నా, కొండ తొలిచి సొరంగం వేయాలన్నా పేలుడు పదార్థాలు కావాల్సిందే. మన ఇంటి కరెంటులోనూ, ఇంటి ముందు రోడ్డు కంకరలోనూ వాటి పాత్ర ఉంది. కాబట్టి తేల్చుకోవాల్సింది, ఆ వ్యర్థాన్ని ఎలా శుద్ధి చేస్తున్నారు, ఎవరు చూస్తున్నారు అన్నదే.

వ్యర్థం అంటే ఏమిటి?

టీఎన్‌టీ తయారయ్యే చోట యంత్రాలు, నేల కడిగిన నీళ్లు మొదట రంగు లేకుండానే ఉంటాయి. ఎండ తగిలేసరికి గులాబీ రంగుకు తిరుగుతాయి. అందుకే వాటికి ‘గులాబీ నీళ్లు’ అని పేరు పడింది. టీఎన్‌టీని శుద్ధి చేసేటప్పుడు ఇంకా చిక్కటి ‘ఎర్ర నీళ్లు’ వస్తాయి. ఈ నీళ్లను యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపుతారు. మన ఇంటి వాటర్ ఫిల్టర్‌లో ఉండే బొగ్గు లాంటిదే అది. నీళ్లలోని టీఎన్‌టీని ఆ బొగ్గు పట్టుకుంటుంది. కానీ పట్టుకుని పట్టుకుని చివరకు ఆ బొగ్గే ప్రమాదకర వ్యర్థంగా మారుతుంది. శుద్ధి తొట్టెల అడుగున పేరుకునే మడ్డి మరో రకం. డిటొనేటర్లలో వాడే లెడ్ అజైడ్ లాంటి పదార్థాల తయారీలో సీసం కలిసిన మడ్డి వస్తుంది. వీటికి తోడు నాణ్యత పరీక్షలో తప్పిన సరుకు, గడువు దాటిన మందుగుండు ఉంటాయి.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1980లోనే ఈ నాలుగు రకాలను, అంటే మడ్డి, వాడేసిన బొగ్గు, సీసపు మడ్డి, గులాబీ-ఎర్ర నీళ్లను ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చింది. అయితే ఆ జాబితాలో ఒక విశేషం ఉంది. సీసపు మడ్డిని మాత్రమే విషపూరితం అన్న కారణంతో చేర్చారు. మిగతా మూడింటినీ పేలే స్వభావం ఉందన్న కారణంతోనే చేర్చారు. అంటే ‘ఇక ఇది పేలదు’ అని తేలితే చాలు, జాబితాలోంచి బయటపడే దారి దొరికినట్టే. పేలని పదార్థం కూడా నీళ్లలో కలిస్తే ఒంటికి చేటు చేయగలదన్న ఆలోచన అక్కడ వెనక్కి వెళ్లింది.

పొగకు లేని కొలత

అదే 1980లో ఈపీఏ ప్రమాదకర వ్యర్థాలను ఆరుబయట తగలబెట్టడాన్ని నిషేధించింది. ఒక్క పేలుడు వ్యర్థాలకే మినహాయింపు ఇచ్చింది. వాటిని కొలిమిలో వేసి కాల్చే సురక్షిత పద్ధతులు అప్పటికి సరిగా లేవన్నది కారణం. అది అబద్ధమేమీ కాదు. పేలే పదార్థాన్ని మామూలు కొలిమిలో వేస్తే కొలిమే పేలిపోవచ్చు.

ఆ మినహాయింపుతో పాటు దూరాల పట్టిక ఒకటి ఇచ్చారు. కాల్చేది 45 కిలోల లోపు అయితే ఇతరుల స్థలానికి కనీసం 204 మీటర్ల దూరం ఉండాలి. 13,600 కిలోల దాకా అయితే 690 మీటర్లు ఉండాలి. బరువు పెరిగేకొద్దీ దూరం పెరగడం పేలుడు తాకిడికి సరిపోయే లెక్క. పొగ, దానితో పాటు గాలిలోకి లేచే సీసం, సగం కాలిన రసాయనాలు 690 మీటర్ల దగ్గర గీత గీసినట్టు ఆగిపోవు. కాల్చిన చోట మిగిలే బూడిద వానకు నేలలోకి ఇంకుతుంది. ఆ సంగతి పట్టికలో లేదు.

మిండెన్ ఊరివాళ్లు అడ్డుకున్నారు

ఈ మినహాయింపు ఎంత దూరం తీసుకెళ్తుందో లూసియానా రాష్ట్రంలోని మిండెన్ ప్రాంతం చూపించింది. అక్కడి క్యాంప్ మిండెన్ అనే సైనిక స్థలంలో ఒక ప్రైవేటు సంస్థ సైన్యం నుంచి పాత ఫిరంగి మందును తీసుకుని నిర్వీర్యం చేసే కాంట్రాక్టు నడిపేది. 2012 అక్టోబరులో ఒక రాత్రి అక్కడి బంకరు పేలింది. కొన్ని మైళ్ల దూరంలోని ఇళ్ల అద్దాలు పగిలాయి. ప్రాణనష్టం జరగలేదు. పోలీసులు లోపలికి వెళ్లి చూస్తే సరైన గోదాము లేకుండా, కొంత ఆరుబయటే, పెట్టెల్లో కుక్కిన మందు బయటపడింది. లెక్క తేలేసరికి అది దాదాపు 70 లక్షల కిలోలు. పక్కనున్న డోయ్‌లైన్ ఊరి జనాన్ని కొన్నాళ్లు ఖాళీ చేయించారు. కాంట్రాక్టు సంస్థ దివాలా తీసింది. మందు మాత్రం అక్కడే మిగిలింది. అది పాతబడేకొద్దీ తనంతట తానే అంటుకునే ప్రమాదం పెరుగుతుంది.

2014లో అధికారులు ఒక పరిష్కారం చెప్పారు. ఆరుబయట పళ్లాల్లో పోసి తగలబెడతామన్నారు. అది చట్టప్రకారం కుదురుతుంది, తొందరగా అయిపోతుంది. కానీ ఆ మందులో డైనైట్రోటోలుయిన్ ఉంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల్లో చేర్చింది. ‘మా పిల్లలు పీల్చే గాలి సంగతేంటి’ అని చుట్టుపక్కల జనం నిలదీశారు. శాస్త్రవేత్తలు, స్థానికులు, అధికారులు కలిసి ఒక సంఘంగా కూర్చుని ప్రత్యామ్నాయాలు పరిశీలించారు. చివరకు మూసిన గదిలో కాల్చి, వెలువడే వాయువులను వడపోసి వదిలే యంత్రం తెచ్చారు. 2016 ఏప్రిల్‌లో మొదలై ఏడాదిలో ఆ మందంతా అయిపోయింది.

‘వేరే దారి లేదు’ అని అప్పటిదాకా చెప్పిన మాట అక్కడ వీగిపోయింది. 2018లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల నివేదిక కూడా ఆరుబయట కాల్చే ఆయుధ సామగ్రిలో దాదాపు అన్నిటికీ ఆచరణసాధ్యమైన ప్రత్యామ్నాయాలు ఉన్నాయని తేల్చింది. 2024 మార్చిలో ఈపీఏ కొత్త నిబంధనల ముసాయిదా ప్రకటించింది. సురక్షితమైన మరో పద్ధతి ఉందా లేదా అని ప్రతి కేంద్రమూ పరిశీలించి తీరాలి, ఉంటే దానికి మారాలి అన్నది దాని సారాంశం.

ఇందులో రెండో వైపు కూడా చూడాలి. కదిలిస్తేనే పేలిపోయే స్థితిలో ఉన్న పాత మందును లారీ ఎక్కించి వంద కిలోమీటర్లు పంపడం ఇంకా పెద్ద ప్రమాదం. అలాంటి వాటిని ఉన్నచోటే కాల్చక తప్పదు. ఆ ముసాయిదా కూడా దాన్ని ఒప్పుకుంది. తప్పనిసరి సందర్భానికి ఇచ్చిన వెసులుబాటు చవకగా అయిపోతుందని రోజువారీ అలవాటుగా మారడంతోనే చిక్కంతా.

ఒంట్లో ఏం చేస్తాయి?

ఈ రసాయనాల ప్రభావం ముందుగా పడేది కార్మికుల మీద. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ కర్మాగారాల్లో టీఎన్‌టీ నింపిన ఆడవాళ్ల చర్మం, జుట్టు పసుపు రంగుకు తిరిగేవి. వాళ్లను ‘కానరీ పిట్టలు’ అని పిలిచేవారు. పైకి కనిపించే రంగుతో ఆగలేదు. చాలామందికి కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చాయి. వందమందికి పైగా చనిపోయారు. 1916లో బ్రిటన్ ఈ విషపు కామెర్లను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది.

టీఎన్‌టీ రక్తకణాలనూ దెబ్బతీస్తుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్లలో ఎర్రరక్తకణాలు పగిలిపోయే ముప్పు ఎక్కువ. మన దేశంలో ఈ లోపం అరుదేమీ కాదు. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లలో కంటి శుక్లాలు కూడా కనిపించాయి.

ఆర్‌డీఎక్స్ మెదడు మీద పనిచేస్తుంది. ఎక్కువ మోతాదులో ఒంట్లోకి వెళ్తే ఫిట్స్ వస్తాయి.

నైట్రోగ్లిజరిన్ కథ మరోలా ఉంటుంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర కూడా ఇదే రసాయనం. రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. డైనమైట్ కార్మికులకు సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజు భరించలేని తలనొప్పి వచ్చేది. వారం గడిచేకొద్దీ ఒళ్లు అలవాటుపడేది. సెలవు రోజున ఆ రసాయనం అందక రక్తనాళాలు బిగుసుకుని కొందరికి గుండెనొప్పి వచ్చేది.

ఇక పెర్క్లోరేట్. రాకెట్ ఇంధనంలో, బాణసంచాలో వాడతారు. థైరాయిడ్ గ్రంథి రక్తంలోంచి అయోడిన్‌ను లాక్కునే దారికి ఇది అడ్డుపడుతుంది. అయోడిన్ సరిపడా అందకపోతే థైరాయిడ్ హార్మోన్ తగ్గుతుంది. గర్భిణికి ఈ హార్మోన్ తగ్గితే కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అందుకే పెర్క్లోరేట్ విషయంలో గర్భిణులు, పసిపిల్లల గురించే ఎక్కువగా ఆందోళన చెందుతారు.

బావి దాకా వచ్చిన విషం

కర్మాగారం గోడ బయట ఉండేవాళ్లకు ఇదంతా ఎలా చేరుతుంది? ఎక్కువగా నీళ్ల ద్వారానే. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని గ్రాండ్ ఐలాండ్ పట్టణం దగ్గర 1942లో కార్న్‌హస్కర్ మందుగుండు కర్మాగారం మొదలైంది. బాంబులు నింపే చోట కడిగిన నీళ్లను మట్టి గుంతల్లోకి వదిలేసేవారు. ఆర్‌డీఎక్స్ మట్టికి పెద్దగా అంటుకోదు. నీళ్లతో పాటే కదిలిపోతుంది. 1980ల్లో చూసేసరికి భూమి లోపల కొన్ని మైళ్లు ప్రయాణించి పట్టణపు ఇళ్ల బావుల్లోకి చేరింది. వందల ఇళ్లకు కొత్తగా మున్సిపల్ నీళ్ల పైపులు వేయాల్సి వచ్చింది. గుంతల్లో నీళ్లు పోసిన తరం ఒకటి, తాగిన తరం మరొకటి.

మన దేశంలోనూ ఇలాంటి అనుభవం ఉంది. శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్ల ఘన ఇంధనానికి అమ్మోనియం పెర్క్లోరేట్ కావాలి. దాన్ని తయారుచేసే ఇస్రో కర్మాగారం కేరళలో ఆలువ దగ్గర ఉంది. తిరువనంతపురంలోని జాతీయ పరిశోధన సంస్థ నిస్ట్ శాస్త్రవేత్తలు ఆ చుట్టుపక్కల బావి నీళ్లను పరీక్షిస్తే లీటరుకు వేల మైక్రోగ్రాముల పెర్క్లోరేట్ కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 70 మైక్రోగ్రాములే. బాణసంచా తయారయ్యే శివకాశి నీళ్లలోనూ ఇదే రసాయనం బయటపడింది. ఈ సంగతులు తెలిశాయంటే ఎవరో ప్రత్యేకంగా వెతికారు కాబట్టి.

ఎందుకంటే మామూలు నీటి పరీక్షలో ఇవి కనిపించవు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో నైట్రేట్‌కు లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితి ఉంది. టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్, పెర్క్లోరేట్‌లకు విడిగా ఏ పరిమితీ లేదు. పరిమితి లేనిదాన్ని ప్రయోగశాల వెతకదు. వెతకనిది నివేదికలో ఉండదు. ‘నీళ్లు బాగానే ఉన్నాయి’ అని కాగితం చేతికొస్తుంది. అమెరికాలో టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్‌లు ఒక్కొక్కటి జీవితాంతం తాగే నీళ్లలో లీటరుకు 2 మైక్రోగ్రాములు మించకూడదని ఈపీఏ సలహా ఇచ్చింది.

మన దగ్గర ఎవరు చూడాలి?

చట్టాలు లేవని చెప్పలేం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి పేలే స్వభావం ఉన్న వ్యర్థాన్ని ప్రమాదకరమైనదిగానే గుర్తిస్తుంది. మామూలుగా 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు. ఎంత వచ్చింది, ఎటు పంపారు అన్న లెక్క ఏటా కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాలి. అయితే మురికినీళ్లు ఈ నియమావళి కిందికి రావు. వాటిని 1974 నాటి జల చట్టం చూసుకుంటుంది. పనికిరాని పేలుడు పదార్థాన్ని ధ్వంసం చేయడం నాగ్‌పుర్ కేంద్రంగా పనిచేసే పెసో సంస్థ చూసే 2008 నాటి నియమాల కిందికి వస్తుంది. కార్మికుడి ఆరోగ్యం ఫ్యాక్టరీల శాఖది. ఊరి బోరు నీళ్లు మరో శాఖవి.

ఒకే కర్మాగారం వ్యర్థం ఇన్ని బల్లల మీద విడిపోతుంది. పెసో అడిగేది భవనాల మధ్య దూరం సరిపోయిందా, మందు సరైన గోదాములో ఉందా అని. అది చాలా అవసరం. కానీ కాల్చిన గుంత కింద భూగర్భ జలం ఎలా ఉందో చూడటం దాని పని కాదు. మండలి నీళ్ల ఆమ్లత్వం, సీఓడీ లాంటివి కొలుస్తుంది. ఆ అంకెల్లో ఆర్‌డీఎక్స్ పేరు పెట్టి కనిపించదు.

కాల్చే చోట పనిచేసేవాళ్ల సంగతి ఇంకా అధ్వానం. 2018 నవంబరులో మహారాష్ట్ర వార్ధా జిల్లా పుల్గావ్ దగ్గర కాలం చెల్లిన మందుగుండును ధ్వంసం చేసే స్థలంలో పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు. పెట్టెలు దించడానికి వచ్చిన చుట్టుపక్కల ఊళ్ల కూలీలు అందులో ఉన్నారు. తయారీ చోట ఉండే జాగ్రత్త వ్యర్థం దగ్గరికి వచ్చేసరికి కూలి పనిగా మారిపోతోంది.

ఏం మారాలి?

మొదటిది, ఆరుబయట కాల్చడానికి అనుమతి అడిగితే ‘మూసిన పద్ధతి ఎందుకు కుదరదు’ అన్నదానికి రాతపూర్వక జవాబు ఉండాలి. కదిలించలేని స్థితిలో ఉన్న మందుకే మినహాయింపు దక్కాలి. ఖర్చు ఎక్కువన్నది కారణం కాకూడదు.

రెండోది, తాగునీటి ప్రమాణంలో, కనీసం ఇలాంటి కర్మాగారాల చుట్టూ ఉన్న ఊళ్ల వరకైనా పెర్క్లోరేట్, టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్‌లకు పరిమితి పెట్టాలి. అమెరికాలో జాతీయ పరిమితి కోసం ఎదురుచూడకుండా మసాచుసెట్స్ 2006లో పెర్క్లోరేట్‌కు లీటరుకు 2 మైక్రోగ్రాములు, కాలిఫోర్నియా 2007లో 6 మైక్రోగ్రాములుగా సొంత పరిమితులు పెట్టుకున్నాయి. మన రాష్ట్రాలు కూడా చొరవ చూపవచ్చు.

మూడోది, పెసో, కాలుష్య మండలి, ఫ్యాక్టరీల శాఖ ఏడాదికి ఒకసారైనా కలిసి తనిఖీ చేయాలి. ఆ నివేదిక గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో అతికించాలి.

నాలుగోది, మూతపడే సంస్థ శుభ్రం చేసే ఖర్చును ముందే డిపాజిట్‌గా కట్టించుకోవాలి. మిండెన్‌లో దివాలా తీసిన సంస్థ వదిలిపోయిన మందును వదిలించుకోవడానికి ప్రజల డబ్బే ఖర్చయింది.

శుద్ధి చేసే పద్ధతులు అందనంత దూరంలో ఏమీ లేవు. పెర్క్లోరేట్‌ను మామూలు ఉప్పులో ఉండే క్లోరైడ్‌గా మార్చే బ్యాక్టీరియా ఉంది. కాలిఫోర్నియాలో దాంతోనే భూగర్భ జలాన్ని శుద్ధి చేస్తున్నారు. ఓరెగాన్ రాష్ట్రంలోని ఉమటిల్లా సైనిక డిపోలో టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్‌తో పాడైన మట్టిని 1990ల్లో పశువుల పేడ, గడ్డి, ఆలుగడ్డ వ్యర్థాలతో కలిపి కంపోస్టు చేసి బాగుచేశారు. పేడ ఎరువు కుప్ప ఎలా వేయాలో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

ఇలాంటి కర్మాగారం దగ్గర్లో ఉంటే...

• బోరు, బావి నీళ్లను పరీక్షకు ఇచ్చేటప్పుడు నైట్రేట్‌తో పాటు పెర్క్లోరేట్, టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్ పేర్లు రాసి అడగండి. నైట్రేట్ ఎక్కువ ఉన్నంత మాత్రాన కర్మాగారమే కారణమని అనలేం. ఎరువులు, మురుగు వల్ల కూడా పెరుగుతుంది.

• మరిగిస్తే ఈ రసాయనాలు పోవు. నీళ్లు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ యంత్రం నైట్రేట్, పెర్క్లోరేట్‌లను బాగా తగ్గిస్తుంది. అయితే మెంబ్రేన్, కార్బన్ ఫిల్టర్ సమయానికి మార్చాలి.

• నైట్రేట్ ఎక్కువగా ఉన్న నీళ్లతో పసిపిల్లలకు డబ్బాపాలు కలపకండి. వాళ్ల రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది.

• కర్మాగారం నుంచి వచ్చిన ఖాళీ డ్రమ్ములు, సంచులు నీళ్లకు, ధాన్యానికి వాడకండి. కాల్చే స్థలాల్లో ఇనుప ముక్కలు ఏరడానికి పిల్లలను వెళ్లనివ్వకండి.

• ఇంట్లో ఎవరైనా అక్కడ పనిచేస్తుంటే స్నానం చేసి, బట్టలు మార్చుకునే ఇంటికి రావాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. చర్మం, జుట్టు పసుపుగా మారినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, సెలవు తర్వాత మొదటి రోజు తలనొప్పి వస్తున్నా డాక్టరుకు చూపించాలి. ఏం పని చేస్తారో తప్పక చెప్పాలి. అది చెప్పకపోతే మామూలు కామెర్లనుకుని పొరబడే అవకాశం ఉంది.

• గర్భిణులు అయోడైజ్డ్ ఉప్పే వాడాలి. థైరాయిడ్ పరీక్షను వాయిదా వేయొద్దు.

• కర్మాగారానికి మండలి ఇచ్చిన అనుమతి పత్రం, ప్రమాదకర వ్యర్థాల వార్షిక నివేదిక (ఫారం 4) కావాలని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఎంత వ్యర్థం వచ్చింది, ఎటు పంపారు అన్నది అందులో ఉండాలి. రెండు అంకెలకూ పొంతన కుదరకపోతే మిగిలింది ఎక్కడుందని అడిగే హక్కు మీకుంది.

మిండెన్‌లో మొదట అడిగింది కూడా ఇదే. పేలిపోయిందాని గురించి అధికారులు మాట్లాడుతుంటే, మిగిలిందాని గురించి ఊరివాళ్లు అడిగారు. మన దగ్గర మరో పేలుడు జరిగాక కాకుండా, ఈ మామూలు రోజుల్లోనే ఆ ప్రశ్న అడగడం మొదలుపెడితే మంచిది.